పెరట్లో కట్టెల పిజ్జా ఓవెన్: మీ మేస్త్రీ చెప్పిన మూడు మాటలు, చెప్పని ఒక మాట

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు దగ్గర సొంత ఇల్లు, పెరట్లో ఖాళీ జాగా ఉంది, నేల నల్లరేగడి. గుమ్మటం ఆకారంలో ఇటుకలతో కట్టెల పిజ్జా ఓవెన్ కట్టించాలని ఉంది. మీ మేస్త్రీగారు మూడు మాటలు చెప్పారు: మామూలు ఎర్ర ఇటుక చాలు, సిమెంటుతో కట్టేద్దాం, పొగ గొట్టం గుమ్మటం నడినెత్తిన పెడదాం. ఇవి సరైనవేనా, ఇంకేం చూసుకోవాలి అని అడిగారు.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోది వద్దు. మూడోది ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. అయితే అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఆయన చెప్పలేదు, మీరూ అడగలేదు. పుట్టిన వేడి కిందికీ పైకీ పోకుండా ఏం వేయబోతున్నారు? ఓవెన్ బాగా పనిచేస్తుందా లేదా అనేది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నేను ఇప్పటిదాకా మూడు ఓవెన్లు కట్టాను. మొదటిదాన్ని రెండేళ్లకే పగలగొట్టాల్సి వచ్చింది. స్లాబు పోసి, దాని మీద రెండంగుళాల ఇసుక పరిచి, ఆ ఇసుక మీద నేరుగా ఇటుకలు పేర్చాను. రెండు గంటలు మంట పెడితే మొదటి పిజ్జా బాగా వచ్చేది. మూడోదానికి పైన మాడేది, అడుగు పచ్చిగా ఉండేది. ఒకరోజు స్లాబు కింద చెయ్యి పెట్టి చూస్తే చెయ్యి ఆనించలేనంత వేడి. నేను కాల్చిన కట్టెల వేడిలో పెద్ద భాగం ఆ కాంక్రీటు తాగేస్తోందని అప్పుడు అర్థమైంది. ఆ బాధ మీకు వద్దనే ఇంత పొడవుగా రాస్తున్నాను.

పిజ్జా ఇందులో మూడు రకాలుగా కాలుతుంది. అడుగున ఇటుక వేడి నేరుగా పిండికి తగులుతుంది. గుమ్మటం లోపలి గోడ నిప్పుల్లా కాగి పైనుంచి సెగ కొడుతుంది. మంట మీదుగా వచ్చే వేడిగాలి పైకప్పు వెంట చుట్టూ తిరుగుతుంది. ఈ మూడూ సమంగా ఉంటేనే అడుగు, పైభాగం ఒకేసారి కాలతాయి. నేపుల్స్ నగరంలో 1984లో మొదలైన పిజ్జా సంఘం వాళ్ల నియమం ప్రకారం అడుగు ఇటుక 380 నుంచి 430 డిగ్రీల సెల్సియస్, గుమ్మటం సుమారు 485 డిగ్రీలు ఉండాలి. అప్పుడు పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది. మన ఇంట్లో అంత పట్టుదల అక్కర్లేదు. అడుగు 350 ఉన్నా రెండు మూడు నిమిషాల్లో చక్కటి పిజ్జా వస్తుంది. ఆ 350 మొదటి పిజ్జాకీ, పదో పిజ్జాకీ కూడా ఉండాలి. అదే అసలు పని.

ఇక నేల దగ్గర మొదలుపెడదాం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఓవెన్, స్లాబు, కింది గోడలు కలిసి రెండు టన్నులు దాటిపోతాయి. ఆ బరువును కదిలే నేల మీద పెడితే గుమ్మటం పగిలేది మంటకు కాదు, పునాదికి. ఎర్ర నేల అయితే అడుగు లోతు చాలనేవాణ్ణి. మీరు మాత్రం కనీసం మూడడుగులు తవ్వించి, నల్లమట్టి అంతా తీసేయించి, గ్రావెల్ పొరలు పొరలుగా పోయించండి. ఒక్కో పొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాలి. దాని మీద బెడ్ కాంక్రీటు, ఆపైన సిమెంటు దిమ్మెలతో మూడు వైపులా గోడ. ముందు వైపు ఖాళీ వదిలితే కట్టెలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. డాబా మీద కడదామనే ఆలోచన ఉంటే, ఇంజనీరుకు చూపించకుండా ఆ పని పెట్టుకోకండి.

సైజు విషయంలో నా సలహా లోపలి వ్యాసం 36 అంగుళాలు. 42 అంగుళాలది కూడా కట్టాను. వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది, కట్టెలూ ఎక్కువ తింటుంది. నెలకు రెండుసార్లు వాడే ఇంటికి అది అనవసరం. 36లో ఒక పక్క మంట ఉండగా పన్నెండు అంగుళాల పిజ్జాలు రెండు పడతాయి. దానికి రెండు పక్కలా ఇటుక మందం నాలుగున్నర అంగుళాలు, వేడిని ఆపే ఇన్సులేషన్ పొర మూడు, ప్లాస్టరింగు కలిపితే బయటి వ్యాసం నాలుగున్నర అడుగులు దాటుతుంది. ముందు పిజ్జా పెట్టుకునే గట్టు కూడా కావాలి కాబట్టి స్లాబు ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఐదు అంగుళాల మందం పోయించండి. ఓవెన్ అడుగు నేల నుంచి 40, 42 అంగుళాల ఎత్తులో ఉంటే వంగకుండా లోపలికి చూడొచ్చు. ఇంట్లో ఎక్కువ వాడబోయేవాళ్లను నిలబెట్టి, వాళ్ల మోచేతి ఎత్తు కొలిచి ఖాయం చేసుకోండి.

ఇప్పుడు ఆ చెప్పని మాట. స్లాబు మీద నేరుగా ఇటుక పరచకూడదు. మధ్యలో వేడిని ఆపే పొర ఉండాలి. సులువైన దారి రెండంగుళాల కాల్షియం సిలికేట్ బోర్డు. ఖర్చు తగ్గాలంటే వర్మిక్యులైట్ లేదా పెర్లైట్ గింజలు ఐదు పాళ్లు, సిమెంటు ఒక పాలు, తడి తగిలీ తగలనట్టు కలిపి నాలుగు అంగుళాల మందం పరచండి. గట్టిగా దిమ్మిస కొట్టొద్దు. గింజల్లో ఉన్న గాలే వేడిని ఆపుతుంది, నలిగితే ఫలితం పోతుంది. ఇక్కడ సిమెంటు గింజలను అంటిపెట్టి ఉంచడానికే. ఈ పొర ఆరడానికి వారం పైనే పడుతుంది, తొందరపడొద్దు. వర్మిక్యులైట్ మనకు దూరపు సరుకేమీ కాదు. అది అభ్రకం జాతి ఖనిజం, నెల్లూరు జిల్లా అభ్రకం గనుల ప్రాంతంలో దొరుకుతుంది. వేడి చేస్తే పేలాల్లా ఉబ్బుతుంది. ఉబ్బించిన గింజలే అడిగి కొనండి.

ఈ పొర సరిగా ఉందా లేదా అని తర్వాత తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష. మూడు గంటలు మంట పెట్టాక స్లాబు కింద అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే మీ ఓవెన్ బాగుంది.

ఇక ఇటుక. మేస్త్రీగారి మాటలో నిజం ఏమిటంటే, వేల ఏళ్లుగా లోకమంతా మామూలు మట్టి ఇటుకతోనే ఓవెన్లు కట్టింది. క్రీస్తుశకం 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపేయి పట్నంలో ముప్పైకి పైగా బేకరీలు బయటపడ్డాయి. వాటి గుమ్మటపు ఓవెన్లు చూస్తే ఈనాటి వాటికీ ఆకారంలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి డబ్బుకు ఇబ్బందైతే గుమ్మటానికి బాగా కాలిన, గణగణ మోగే ఎర్ర ఇటుక వాడొచ్చు. కానీ గంటన్నరలో వాతావరణపు వేడి నుంచి 400 డిగ్రీలకు, మళ్లీ వెనక్కి, ఇలా పదే పదే తిరిగితే దాని మొహం పెచ్చులూడుతుంది. ఆ పెచ్చు పిజ్జా మీద పడుతుంది. అడుగుకు మాత్రం కొలిమి వేడిని తట్టుకునే ఫైర్ బ్రిక్ తప్ప వేరేది వద్దు.

బాయిలర్లకు, ఫర్నేసులకు సామాను అమ్మే షాపుల్లో ఐఎస్-8 ఫైర్ బ్రిక్ అని అడగండి. 9 అంగుళాలు, నాలుగున్నర, 3, ఇదీ కొలత. ఒక్కోటి నాలుగు కిలోల దాకా తూగుతుంది. అడుగు, గుమ్మటం, ముఖద్వారం అన్నిటికీ, పగిలేవి కలుపుకుని నూటయాభై తెచ్చుకుంటే సరిపోతుంది. ఆ షాపులోనే తెల్లగా, తేలిగ్గా ఉండే ఇన్సులేషన్ ఇటుక కూడా చూపిస్తారు. అది మెత్తన, వేడిని దాచుకోదు. లోపలి పక్కన దాన్ని వాడకండి. బయటి పొరలకే అది.

అడుగు ఇటుకలకు మధ్యలో అతికే మసాలా పెట్టొద్దు. ఫైర్ క్లే అనే వేడిని తట్టుకునే మట్టి పొడి, సన్న ఇసుక సమపాళ్లలో కలిపి పల్చగా పరచి, దాని మీద పొడిగానే పేర్చి, రసమట్టం పెట్టి చూసుకోండి. వరసలు ముఖద్వారానికి వాలుగా, 45 డిగ్రీల కోణంలో రావాలి. నేరుగా పేరిస్తే ఏ ఇటుక ఒక్క నూలు లేచి ఉన్నా పిజ్జా పెట్టి తీసే పార అంచు అంతా దానికి తట్టుకుంటుంది. వాలుగా ఉంటే మూల మీదుగా జారిపోతుంది. గుమ్మటం గోడను ఈ అడుగు మీద కాకుండా దాని చుట్టూ కట్టండి, సన్నటి సందు వదిలి. వేడికి అడుగు సాగడానికి చోటుంటుంది. పదేళ్లకు ఒక ఇటుక పగిలినా దాన్ని తీసి ఇంకోటి పెట్టొచ్చు.

సిమెంటు ఎందుకు వద్దంటున్నానో మేస్త్రీగారికి ఇలా చెప్పండి. సిమెంటు గట్టిపడేటప్పుడు దాని లోపల తడి సున్నం పుడుతుంది. 400, 500 డిగ్రీల మధ్య అందులోని నీరంతా పోయి అది పొడి సున్నం అవుతుంది. ఓవెన్ చల్లారాక గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ ఉబ్బుతుంది. రాతి సున్నం మీద నీళ్లు పోస్తే ఎలా పొంగుతుందో ఆయనకు బాగా తెలుసు. కాల్చిన ప్రతిసారీ అది అతుకుల్లో జరిగితే మసాలా పిండి పిండిగా రాలిపోతుంది. అందుకని రిఫ్రాక్టరీ మోర్టార్ అనే తయారు మసాలా కొనండి. లేదా ఇంటి దగ్గర ఓవెన్లు కట్టుకునేవాళ్లు చాలామంది వాడే పాళ్లు ఇవి: జల్లించిన ఇసుక మూడు, సున్నం ఒకటి, ఫైర్ క్లే ఒకటి, సిమెంటు ఒకటి. ఇందులో సిమెంటు ఉందిగా అంటారేమో. కట్టేటప్పుడు త్వరగా పట్టు ఇవ్వడానికే అది. మంటకు దాని బలం పోయాక సున్నం, ఫైర్ క్లే పట్టుకుని ఉంటాయి. ఒట్టి సిమెంటు, ఇసుకలో ఆ ఆసరా ఉండదు. గానుగ సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఆయనతో చేయించండి. సున్నం తీరు తెలిసిన చేతికి ఈ పని వెంటనే పట్టుబడుతుంది.

గుమ్మటానికి ఇటుకను కటింగ్ మిషన్‌తో సగానికి కోయాలి. సగం ముక్క మొహం లోపలికి పెట్టి వరసలు పేరుస్తాం. ప్రతి ఇటుకా మధ్య బిందువు నుంచి సరిగ్గా 18 అంగుళాల దూరంలో, అటువైపే చూస్తూ ఉండాలి. అందుకు అడుగు మధ్యలో ఒక చెక్క ముక్క పెట్టి, దానికి అన్ని వైపులా తిరిగేలా కడ్డీ బిగించి, కడ్డీ చివర చిన్న ఎల్ ఆకారపు పట్టీ వెల్డింగు చేయించండి. ఇటుకను ఆ పట్టీకి ఆనిస్తే దూరం, వాలు రెండూ దానంతటవే కుదురుతాయి. వెల్డింగు షాపులో పది నిమిషాల పని. ఇది లేకుండా కళ్లతో కడితే నాలుగో వరసకే గుమ్మటం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. లోపలి వైపు ఇటుకలు ఒకదానికొకటి దాదాపు తగలాలి, బయటి వైపు విచ్చుకున్న సందులోనే మసాలా నిండాలి. లోపల మసాలా ఎంత తక్కువ కనిపిస్తే అంత మంచిది.

చివరి మూడు నాలుగు వరసలు బాగా వాలిపోయి జారతాయి. కొంతమంది మొదటినుంచే తడి ఇసుకతో గుమ్మటం పోసి, కాగితాలు కప్పి, దాని మీద పేరుస్తారు, తర్వాత ఇసుక తోడేస్తారు. నేను కింది వరసలు కడ్డీతో కట్టి, పైన మాత్రం ఇసుక బస్తాల ఆసరా పెడతాను. నడినెత్తిన ముక్కను తాళం బిగించినట్టు గట్టిగా కూర్చోబెట్టండి. అది కూర్చున్నాక గుమ్మటం తన బరువును తానే మోస్తుంది.

ముఖద్వారం ఎత్తు దగ్గర అంగుళం కూడా అటూఇటూ కానివ్వకండి. గుమ్మటం లోపలి ఎత్తులో 63 శాతం ఉండాలి. మీకు ఎత్తు 18 కాబట్టి ద్వారం పదకొండున్నర అంగుళాల లోపు. వెడల్పు 18 చాలు. పెద్ద గిన్నెలు పెట్టడానికి వీలుగా ఉంటుందని ఎత్తు పెంచమని ఇంట్లో అడుగుతారు. పెంచితే వేడి ముందుకు దొర్లిపోతుంది. తగ్గిస్తే మంటకు గాలి చాలక పొగ చిమ్ముతుంది.

పొగ గొట్టం విషయం కూడా ఇందులోంచే అర్థమవుతుంది. చల్లగాలి ద్వారం కింది సగం నుంచి లోపలికి వెళ్తుంది, మంటకు అందుతుంది, వేడెక్కి పైకి లేచి గుమ్మటం అంతా పాముకుంటూ వచ్చి ద్వారం పై సగం నుంచి బయటపడుతుంది. అక్కడ, అంటే ద్వారానికి బయట, కమాను మీద, ఆరంగుళాల గొట్టం మూడడుగుల ఎత్తుకు పెడితే పొగ మీ మొహానికి కొట్టకుండా పైకి పోతుంది. నడినెత్తిన బొక్క పెడితే వేడిగాలికి చుట్టూ తిరిగే పనే ఉండదు, పుట్టినచోటు నుంచి నేరుగా ఆకాశంలోకి. ఎంత కట్టె వేసినా గుమ్మటం చాలినంత వేడెక్కదు. మేస్త్రీగారికి పొగ తెలిసింది వంటింటి పొయ్యి నుంచి, గాడిపొయ్యి నుంచి కాబట్టి ఆయన అలా చెప్పడం సహజం. బొమ్మ గీసి చూపించండి.

గుమ్మటం మీద ఒక అంగుళం మందం సిరామిక్ ఫైబర్ దుప్పటి మూడు పొరలు చుట్టండి. సాంద్రత ఘనమీటరుకు 128 కిలోలు ఉన్నది అడగండి. ఇది కోసేటప్పుడు ఎగిరే నూలుపొడి ఊపిరితిత్తులకు హాని. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి, పిల్లలను ఆ రోజు అటువైపు రానివ్వకండి. దాని మీద కోళ్ల జాలీ కట్టి, వర్మిక్యులైట్ మసాలా అంగుళంన్నర, ఆపైన సున్నం ప్లాస్టరింగు. ఈ ప్లాస్టరింగు పైభాగాన ఆవిరి పోవడానికి ఒక చిన్న రంధ్రం వదిలి, మూత పెట్టుకోండి.

మన దగ్గర ఓవెన్‌కు నిప్పుకంటే వాన పెద్ద శత్రువు. జూన్ నుంచి నైరుతి, ఆ తర్వాత డిసెంబరు దాకా తుపాన్లు. దుప్పటి ఒకసారి తడిస్తే ఆరడానికి వారాలు పడుతుంది, తడిసినంత కాలం అది వేడిని ఆపదు. పైన రేకుల కప్పు తప్పనిసరి. గొట్టం రేకును దాటే చోట చుట్టూ ఖాళీ వదిలి, దాని మీద గొడుగులా ఇంకో రేకు పెట్టించండి.

కట్టడం అయిపోయాక అందరూ చేసే తప్పు, ఆ ఆదివారమే చుట్టాలను పిలిచి పెద్ద మంట పెట్టడం. ఇటుకల్లో, మసాలాలో బోలెడు నీరు ఉంటుంది. నీరు ఆవిరైతే పదిహేను వందల రెట్లకు పైగా వ్యాపిస్తుంది, దారి దొరక్క గుమ్మటాన్ని చీలుస్తుంది. వారం పది రోజులు వదిలేయండి. తర్వాత మొదటి రోజు చితుకులతో 100 డిగ్రీలు దాటకుండా నాలుగైదు గంటలు. రెండో రోజు 150, తర్వాత 200, ఇలా రోజుకు యాభై చొప్పున పెంచుతూ వెళ్లండి. తుపాకీలా పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొనండి, తర్వాత కూడా ప్రతిసారీ పనికొస్తుంది. ఇంత జాగ్రత్తగా చేసినా వెంట్రుక సన్నం నెర్రెలు వస్తాయి. వాటికి టెన్షన్ పడకండి. చల్లారితే మూసుకుంటాయి.

కట్టెల్లో నాకు సరుగుడు ఇష్టం. వేడి బాగా ఇస్తుంది, మన కోస్తాలో దండిగా దొరుకుతుంది. చింత, తుమ్మ కూడా మంచివే. కోసి ఆరునెలలు ఆరినవే వాడండి. పచ్చివి కాలిస్తే పొగంతా పక్కింటివాళ్లకు. గన్నేరు కట్టె విషం, దాని పొగ కూడా. జీడిమామిడి, ప్లైవుడ్, రంగు వేసిన చెక్క కూడా లోపలికి పోకూడదు.

వాడే రోజు మధ్యలో మంట పెట్టి గంటన్నర కాల్చండి. మొదట గుమ్మటం మసి పట్టి నల్లబడుతుంది. వేడి చాలినంత వచ్చాక ఆ మసి కాలిపోయి ఇటుక తెల్లగా బయటపడుతుంది. అప్పుడు నిప్పులను ఒక పక్కకు నెట్టి, అడుగు తుడిచి, చిటికెడు మైదా విసరండి. రెండు మూడు సెకన్లలోనే నల్లబడితే ఇంకాస్త ఆగండి, నెమ్మదిగా ఎర్రబడితే పిజ్జా పెట్టండి.

పిజ్జాలు అయ్యాక నిప్పులు ఆరనిచ్చి ద్వారానికి చెక్క తలుపు, లోపలి వైపు ఇన్సులేషన్ కొట్టినది, బిగించండి. మా మూడో ఓవెన్‌లో మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఇంకా 180 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడిలో మా ఇంట్లో బ్రెడ్డు కాలుస్తారు, పచ్చడికి వంకాయలు కాలుస్తారు, సంక్రాంతి రోజుల్లో తేగలు పెడతారు. మధ్యాహ్నానికి జీడిపప్పు వేయిస్తారు. రెండో రోజు వంటకు ఒక్క కట్టె ఖర్చు లేదు.

నల్లరేగడి తవ్వకం ఎండాకాలంలోనే తేలిక కాబట్టి మార్చిలో పునాది మొదలుపెడితే మే చివరికి రేకులు వేసేయొచ్చు. స్లాబు పోసేముందు మేస్త్రీగారి చేత గుమ్మటం మొదటి రెండు వరసలు నేల మీద పొడిగా పేర్పించి, టేపు పెట్టి కొలిచి, ఆ కొలతలు నాకు చెప్పండి. స్లాబు పోశాక అంగుళం కూడా పెంచుకోలేం.